పసుపు పెట్టిన బ్యాలెట్టు

2014 జూలైలో, న్యూజిలాండ్‌లో వైకాటో వైపు ఒక చిన్న కౌన్సిల్‌లో నన్ను డిప్యూటీ రిటర్నింగ్ ఆఫీసర్‌గా వేశారు. ఓట్ల లెక్కింపులో పెద్ద అధికారి తర్వాతి మనిషినన్నమాట. అసలు ఉద్యోగం ఇంటి పన్నుల విభాగంలో. చదువు పదో తరగతి. పన్నుల చట్టం సెక్షన్ సెక్షన్‌గా నాకు నేనే నేర్చుకున్నాను. డిగ్రీలున్న పైవాళ్లకు సందేహం వస్తే నా బల్ల దగ్గరికే వచ్చేవారు. వచ్చినట్టు మాత్రం ఏ ఫైల్లోనూ రాయలేదు.

ఊరి చివర చిత్తడి నేలలో కహికాటియా చెట్ల అడవి ఉండేది. ఆ చుట్టుపక్కల మిగిలిన తునక అదొక్కటే. స్వంతదారు దాన్ని ఇళ్ల స్థలాల కంపెనీకి అమ్మబోతూ, ముందు కౌన్సిల్‌కి అవకాశమిచ్చాడు. శుక్రవారం సాయంత్రం అయిదులోగా సంతకం పెట్టాలి. అమెరికాలో ఇలాంటి వాటికి కొన్నిచోట్ల అమ్మకం పన్ను పెంచి జనం చేత ఓటేయిస్తారట. మా కౌన్సిళ్లకు ఆ అధికారం లేదు. అందుకని ఇంటి పన్ను మీద ‘టార్గెటెడ్ రేట్’, అంటే ఆ ఒక్క పనికే ఖర్చుపెట్టే పన్ను, వెయ్యాలా వద్దా అని పోస్టులో ఓట్లు తెప్పించారు. ఫలితం ప్రకటించనిదే సంతకం లేదు.

శుక్రవారం ఉదయం పదకొండుకి ఒక కవరు విప్పాను. బల్ల మీద పచ్చటి పొడి రాలింది. బ్యాలెట్టుకి నాలుగు మూలలా పసుపు. ముఖ్యమైన కాగితానికి మనవాళ్లు పెట్టేదే. పసుపండీ అన్నాను. రిటర్నింగ్ ఆఫీసరు ఒక పెద్దావిడ. ఆవిడ నా మాట వినకుండా నిబంధనల పుస్తకం తిప్పి, ‘గుర్తు తెలియని పొడి’ అన్న పేజీ పట్టుకుంది. కవరు ముట్టిన మనిషి లోపలే ఉండాలి, మిగతావాళ్లు బయటికి పోవాలి. తలుపు వేసేశారు.

ముసుగులు తొడుక్కుని అగ్నిమాపక దళం వచ్చింది. పొడిని ల్యాబ్‌కి పంపాలి, సోమవారం రిపోర్టు వస్తుందన్నాడు వాళ్ల నాయకుడు. సోమవారానికి అడవి చేయిదాటిపోతుంది. ఇది రోజూ కూరలో వేసుకునేదేనని మళ్లీ చెప్పాను. నా అభిప్రాయం నోట్ చేసుకున్నానన్నాడు. పుట్టిందగ్గర్నుంచీ తింటున్న వస్తువు మీద నాది అభిప్రాయమట! ఒళ్లు మండింది. ఓటు గుర్తున్న గడి జోలికి పోకుండా, ఓ మూల చింపి నోట్లో వేసుకుని నమిలి మింగాను.

దాంతో నేనే ఒక కేసునయ్యాను. పార్కింగ్‌లో ప్లాస్టిక్ కుర్చీ వేసి, దుప్పటి కప్పి, రెండు గంటలు కూర్చోబెట్టారు. పది నిమిషాలకోసారి ఎలా ఉందని అడిగేవారు. ఆకలిగా ఉందన్నాను. దాన్ని రోగలక్షణాల గడిలో రాసుకున్నారు. నేను చావలేదు కనక పొడి ప్రమాదకరం కాదని చివరికి నాయకుడు సంతకం చేశాడు.

ఇప్పుడు చిరిగిన బ్యాలెట్టు చెల్లుతుందా అన్న ప్రశ్న. ఓటరు ఉద్దేశం స్పష్టంగా ఉంటే చెల్లుతుంది. సెక్షన్ నేనే తీసి చూపించాను. ఆవిడ చదివి, కాగితాన్ని కుప్పలో వేసింది. ‘వద్దు’ కుప్పలో.

అయినా ‘కావాలి’ గెలిచింది. నాలుగూ నలభైకి ఫలితం చదివారు. అయిదు కావడానికి అయిదు నిమిషాలుందనగా సంతకమైంది.

ఆదివారం మనవాళ్ల భోజనాల్లో రాజ్యం కనిపించింది. పట్నంలోని రోటోటూనా పేట నుంచి మా వైపు కొత్తగా ఇల్లు కొనుక్కుని వచ్చిన భీమవరం అమ్మాయి.

“అంకుల్, ఆ అడవి ఓటు పోస్ట్ చేసేశాం. కొత్తింట్లో ఫస్ట్ ఓటని నాలుగు మూలలా పసుపు కూడా పెట్టా! మార్ట్‌గేజ్‌కే ప్రాణం పోతుంటే మళ్లీ రేట్స్ పెంచుతారా? నో అనే టిక్ పెట్టా.”

“వద్దనడానికి పసుపెందుకమ్మా?”

“అదేంటంకుల్! వద్దన్నా శుభంగానే అనాలి కదా!”

ఆ పసుపు నేను తిన్నానని చెప్పలేదు. ఓటు రహస్యం.

ఓటింగ్ సామగ్రిని భుజించినందుకు నాకు లిఖితపూర్వక హెచ్చరిక ఇచ్చారు. నేను నేర్చుకున్నది ఇది: ఫారంలో ‘గుర్తు తెలియని’ అని రాసేముందు గదిలో ఉన్న ప్రతి మనిషినీ అడగాలి, చెప్పినది రాయాలి. ఆ వాక్యం నిబంధనల పుస్తకంలో చేర్చమని మూడుసార్లు అర్జీ పెట్టాను. రిటైరయ్యే నాటికీ చేర్చలేదు. హెచ్చరిక మాత్రం ఫైల్లో భద్రంగా ఉంది.