మిలిట్రీ మామ ఇనుప గోపురం

ఆ రోజుల్లో వేంపల్లె చుట్టుపక్కల పల్లెల్లో సొంతానికి పుస్తకాలున్న మనిషి ఒకడే ఉండేవాడు. ఆ మనిషి నేనే కావడం మా ఊరి దురదృష్టం. నా దగ్గర మొత్తం పదకొండు పుస్తకాలుండేవి. వాటిలో లేనిది లోకంలో లేదని నా నమ్మకం. నాకప్పుడు ఇరవై రెండేళ్లు, బోర్డు స్కూల్లో అయ్యవారి ఉద్యోగం కొత్త. నిన్న మా ఊరి మిలిట్రీ మామ చనిపోయిన నలభయ్యో దినం ఫాతెహా ప్రార్థనకు పోయి, వాళ్లింట్లో భోజనం చేసి వచ్చాను. ఆయన కొడుకు కొసరి కొసరి వడ్డించాడు. ఆయన విషయంలో నేను చేసింది ఆ కొడుక్కి తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

మామ దూదేకుల ఆయన. జర్మనీ యుద్ధానికి కంచర గాడిదలు తోలే పనిలో పోయి, మూడేళ్ల తర్వాత దగ్గుతో తిరిగొచ్చాడు. ఇంటి పని దూది ఏకడం. విల్లు పట్టి పావుగంట ఏకితే ఆ నూగు రొమ్ములోకి పోయి, పొద్దుగూకేదాకా దగ్గేవాడు. ఆ ఏడు మా స్కూలుకు డ్రిల్లు నేర్పే మనిషిని పెట్టుకోవచ్చని పైనుంచి ఉత్తరువు వచ్చింది. కమిటీ ప్రెసిడెంటు రెడ్డి గారికి మామ మీద మంచి అభిప్రాయమే ఉండేది. "నడక చూడప్పా, నిలువుగీత గీసినట్ల పోతాడు" అనేవాడు. ఇన్‌స్పెక్టరు వచ్చి ఊఁ అంటే చాలు, మామకు దూది బాధ వదిలిపోతుంది. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. నాకూ తెలుసు. (తెలియదని రాసుకుంటే బాగుండేది.)

మామ యుద్ధం గురించి మాట్లాడేవాడు కాదు. అడిగితే ఒకే ఒక్క ముచ్చట చెప్పేవాడు. జబ్బు చేస్తే ఇంగ్లండు ఆసుపత్రిలో పెట్టారనీ, కొంచెం తేరుకున్నాక సముద్రం ఒడ్డున ఒక ఊరు చూపించారనీ, ఆ ఊళ్లో ఆకాశానికి ఎక్కిపోయిన ఇనుప గోపురం ఉందనీ. "నాలుగు కాళ్లప్పా దానికి. కాళ్ల మధ్యలో పేద్ద మిద్దె. మిద్దె లోపల సర్కసు. ఏనుగులు గూడా ఉండాయి." ఊళ్లో వాళ్లు నోరు తెరుచుకుని వినేవాళ్లు. నాకు మాత్రం ఒళ్లు మండేది. నా పదకొండు పుస్తకాల్లో ఒకదాంట్లో ఆ గోపురం బొమ్మ ఉంది మరి. అది ఫ్రాన్సు దేశంలో, పారిస్‌లో ఉంది. కాళ్ల కింద ఖాళీ. సముద్రమా, దరిదాపుల్లో లేదు.

ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు స్కూల్లో చిన్న ప్రదర్శన పెట్టాం. మామ జొన్న దంట్లు చీల్చి, బెండు ముక్కల్ని తుమ్మ ముళ్లతో గుచ్చి, మనిషి నడుమెత్తు గోపురం చేసి తెచ్చాడు. నెల రోజుల పని. అడ్డకమ్మీలు, మెట్లు, మనుషుల్ని పైకి గుంజే పెట్టె, అన్నీ ఉన్నాయి. కాళ్ల మధ్యలో మూడంతస్తుల మిద్దె, దానికి కిటికీలు. ఇన్‌స్పెక్టరు కళ్లద్దాలు సర్దుకుని చూసి, "ఎవరు చేశారిది?" అన్నాడు. అక్కడ నేను నోరు మూసుకుని ఉండవలసింది.

పుస్తకం తీసుకొచ్చి బొమ్మ చూపించాను. "మామా, ఇది యాడుండాది?" అన్నాను పిల్లల్ని పాఠం అడిగినట్టు.

"ఇంగిలీషోళ్ల దేశంలో."

"ఫ్రాన్సులో కదా ఉండేది?"

"ఫ్రాన్సు గూడా పోయినా నాయనా. ఆడ బురద తప్ప ఏమీ చూళ్లేదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. (అది నవ్వే మాట కాదని తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.) ఆ నవ్వు నాకు తలకెక్కింది. జేబులోంచి పెన్సిలు చెక్కే చాకు తీసి, "తప్పు సరిదిద్దుదాం" అని గోపురం కాళ్ల మధ్య మిద్దెను కోసి పక్కన పడేశాను. నాలుగు కాళ్లూ పుస్తకంలో ఉన్నట్టే తయారయ్యాయి. ఇన్‌స్పెక్టరు నా భుజం తట్టాడు. మామ కింద పడిన మిద్దెను తీసి, దుమ్ము ఊది, "మిద్దె తీసేస్తే సర్కసోళ్లు యాడికి పోవాలప్పా?" అన్నాడు. మళ్లీ నవ్వులు. రెడ్డి గారు మాత్రం నవ్వలేదు. "ఇన్నేండ్లు మాకు కట్టుకథ చెప్పినాడన్నమాట. ఈయప్ప పిల్లోళ్లకు ఏం నేర్పుతాడు?" అన్నాడు. డ్రిల్లు పని పులివెందుల నుంచి వచ్చిన ఇంకెవరికో పోయింది. మామ మళ్లీ విల్లు పట్టాడు. ఆయన ఇల్లు స్కూలు వెనక వీధే కాబట్టి ఆ దగ్గు పాఠం మధ్యలో వినిపిస్తూనే ఉండేది. నేను గొంతు పెంచి చదివేవాణ్ణి.

పన్నెండేళ్ల తర్వాత పరీక్ష పని మీద కడపకు పోయి, ఒక పాదిరీ గారింట్లో పాత ఇంగ్లీషు పత్రికలు తిరగేస్తున్నాను. ఒక పుటలో సముద్రం, ఒడ్డున ఇనుప గోపురం, కాళ్ల మధ్య కిటికీల మిద్దె. మిద్దెలో సర్కసు నడుస్తుందని కిందనే రాసుంది. బ్లాక్‌పూల్ అనే ఊరి వాళ్లు పారిస్ గోపురాన్ని చూసి ముచ్చటపడి తమకూ ఒకటి కట్టుకున్నారట. ఫ్రాన్సులోనే ఇంకో ఊరివాళ్లు ఒకటి కట్టుకున్నారట. లండన్‌లో మొదలుపెట్టింది మొదటి అంతస్తుతో ఆగిపోయిందట. పాదిరీ గారు కాఫీ తెచ్చి, "ఒంట్లో బాగలేదా?" అని అడిగారు.

ఊరు చేరగానే మామ దగ్గరికి పోవలసింది. ముందు రెడ్డి గారి అరుగు మీదికి పోయాను. నలుగురి ముందూ తీసిన పరువు నలుగురి ముందే తిరిగివ్వాలని అనుకున్నాను. (ఆ నలుగురిలో నేను పెద్దమనిషిగా కనిపించాలన్న కోరిక కూడా ఉందేమో, ఇప్పుడు కచ్చితంగా చెప్పలేను.) "మామ చెప్పింది నిజం. అట్లాంటి గోపురాలు లోకంలో ఇంకా ఉన్నాయి" అన్నాను.

"ఒకటి నమ్మేదానికే చాతగాకుంటే అయ్యవారు ఇంగా కొన్ని తెచ్చినాడే!" అన్నారెవరో. అరుగంతా నవ్వు.

"యాడయ్యా పుస్తకం?" అన్నాడు రెడ్డి గారు.

పుస్తకం లేదు. పత్రిక పాదిరీ గారిది. అడగడానికి మొహం చెల్లక వదిలేసి వచ్చాను.

అదే సమయానికి మామ దూది మూట నెత్తిన పెట్టుకుని ఆ దారిన పోతూ నిలబడ్డాడు. విషయం విన్నాడు. మూట దించి, మిలిట్రీ నిలువున నిలబడి, "అయ్యవారు అబద్ధం చెప్పడప్పా. నేను సాక్ష్యం" అన్నాడు.

అప్పుడు నవ్వారు చూడండి, అట్లాంటి నవ్వు ఆ అరుగు మీద అంతకు ముందు నేను వినలేదు. రెడ్డి గారికి కళ్లల్లో నీళ్లొచ్చాయి. ఊళ్లో నా మాటకు సాక్ష్యం చెప్పగల మనిషి ఒక్కడే ఉన్నాడు, ఆ మనిషి సాక్ష్యం చెల్లకుండా చేసింది నేను.

మూట ఒక కొస నేను పట్టుకుని వాళ్లింటి దాకా నడిచాను. ఏదో చెప్పబోయాను, క్షమించమని. మామ నా మొహం చూసి, అరుగు మీది నవ్వుకే బాధపడుతున్నాననుకున్నాడు. "మనసులో పెట్టుకోవద్దు నాయనా, మొదట్లో అట్లే ఉంటాది. పది పన్నెండేండ్లకు వాళ్లే ఇసుక్కొని మానుకుంటారు" అని ధైర్యం చెప్పాడు.

ఆ రోజు నేను తలెత్తలేదు. ఇప్పుడు ఆయన లేడు, రెడ్డి గారూ లేరు, నాకు తల నెరిసింది. ఆ వీధిలో తల వంచుకుని, ఓదార్పు అందుకుంటూ నడిచిన అయ్యవారు గుర్తొస్తే సిగ్గుతో పాటు కొంచెం నవ్వు కూడా వస్తుంది. పది పన్నెండేండ్లకు మానుకుంటారని మామ చెప్పిన లెక్కకు ఆ నవ్వు ఇంకా లొంగలేదు.