నాలుగింటి కాటారం బస్సు

ఇక్కడ సరైన బడి లేక, ప్రభుత్వ ఖర్చుతో వేరే రాష్ట్రాల హాస్టల్ స్కూళ్లకు పంపిన దివ్యాంగ పిల్లల ఫైళ్లు నేను చూస్తాను. ఏటా గడువు పొడిగించాలంటే స్కూలు రిపోర్టు తల్లికో తండ్రికో చదివి వినిపించి, వేలిముద్ర తీసుకోవాలి. అది రూలు.

ఈ రోజు కాటారం నుంచి ఒక తల్లి వచ్చింది. ఆమె కూతురికి మాటలు రావు. ఆ పిల్ల రెండేళ్లుగా మైసూరు వైపు ఒక స్కూల్లో ఉంటోంది. రిపోర్టు చదివాను: “రోజూ సాయంత్రం నాలుగింటికి గేటు దగ్గర నిలబడుతుంది. పిలిచినా కదలదు. కారణం తెలియదు. మందులు మొదలుపెట్టవచ్చా?”

ఆమెకు కోపం వచ్చింది. “కారణం తెల్వకపోవుడేంది సార్? నాలుగింటి బస్సుకు వాళ్ల బాపు వస్తడు గద! పిల్ల రోజు స్టాపుకాడ నిలవడి ఆయనను ఇంటికి తోల్కచ్చేది.”

“ఇప్పుడు ఆయన ఆ బస్సుకు రావట్లేదా?”

“గదే బస్సుకు వస్తడు. దిగి జరసేపు ఆడనే నిలవడతడు. ఎందుకని నేనడగ.”

ఫారంలో మందులకు ‘సమ్మతమే’, ‘సమ్మతం కాదు’ అని రెండే గళ్లున్నాయి. ఆమె మందులు వద్దంటే ‘కాదు’ మీద టిక్కు పెట్టి, ఆమె వేలిముద్ర వేయించి, పక్కన “తండ్రి కోసం నిలబడుతోంది” అని రాశాను. గడి బయట రాస్తే ఫారం చెల్లదని పైవాళ్లు తిప్పి పంపుతారేమో. మీరైతే ఎక్కడ రాసేవారు?

నాలుగింటికి కాటారం చేరే ఆ బస్సు మూడింటికి భూపాలపల్లిలో మా ఆఫీసు ముందు నుంచే పోతుంది. ఇన్నేళ్లుగా హారన్ వింటూ పని చేసుకునేవాణ్ణి. ఇవాళ లేచి నిలబడ్డాను.