అందించని మాట

నాలుగు మాటలు నా గొంతులో ముప్పై ఏళ్ళకు పైగా ఉండిపోయాయి. వాటిని ఒకరికి అందించడం నా పని. అందించలేదు. ఆ తర్వాత నేను బాగానే బతికాను, పేరు తెచ్చుకున్నాను, సన్మానాల్లో శాలువాలు కప్పించుకున్నాను. ఆ నాలుగు మాటలు మాత్రం అక్కడే అడ్డంపడి ఉన్నాయి. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీకెందుకు చెబుతున్నానంటే, మీరు నన్నెరగరు. నా నాటకం చూసి కళ్ళు తుడుచుకున్నవాళ్ళకు చెప్పే ధైర్యం నాకు లేదు.

ఆవిడ పేరు రాయను. అక్కా అని పిలిచేదాన్ని, అలాగే రాస్తాను. హుబ్బళ్ళి వైపు మనిషి. పసితనంలోనే కన్నడ నాటక కంపెనీలో బాలకృష్ణుడి వేషం కట్టి, ఆ డేరాల్లోనే పెరిగి, నాయిక అయింది. కంపెనీ మూతపడ్డాక ఎక్కడ వేషం ఉంటే అక్కడికి వెళుతున్న రోజుల్లో మా మాస్టారి కంట పడింది. మాస్టారంటే ఏలూరులో మా నాటక సమాజాన్ని నడిపినాయన. తాడేపల్లిగూడెంలో పరిషత్తు పోటీలకు ఆయన రాసిన నాటకంలో తల్లి పాత్రకు ఆవిడను పిలిపించారు.

అంతకుముందు రిహార్సల్సులో ఆ పాత్ర నేను చదివేదాన్ని. మాది పెదపాడు దగ్గర పల్లె, వ్యవసాయం. ఏలూరులో పిన్ని ఇంట్లో ఉండి డిగ్రీ చదువుతూ సమాజంలో చేరాను. ప్రాంప్టింగ్ అంటే తెర వెనక పని, ఎవరికీ కనపడదు కాబట్టి ఫర్వాలేదన్నారు నాన్నగారు. వింగ్ చాటున నిలబడి, నటులకు మాట తట్టకపోతే మెల్లగా అందించాలి. అంతే నా పని. కానీ ఖాళీగా ఉన్న ఆ తల్లి పాత్రను చదివీ చదివీ నాదే అనుకున్నాను. ఒకరోజు మాస్టారు, బాగానే చెబుతున్నావే అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని గాల్లో ఎన్ని మేడలు కట్టానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అక్క వచ్చింది. మేడలు కూలాయి. పైగా ఆవిడకు పాత్ర నేర్పే పని నాకే పడింది. తెలుగు కాస్త మాట్లాడేది గానీ చదవడం రాదు. నేనొక వాక్యం చెబితే చెవితో పట్టుకుని, లోపల తిప్పి తిప్పి అనుకుని, మర్నాటికి దానికి ప్రాణం పోసి నాకే అప్పజెప్పేది. నేను ఎన్నాళ్ళుగానో చదువుతున్న మాటలు ఆవిడ నోట వింటుంటే, ఇంతకాలం నేను చెప్పింది ఉత్త అక్షరాలేనని తెలిసిపోయేది. అది భరించలేకపోయాను. నా జడ అల్లేది. జొన్నరొట్టె చేసి, వేడివేడిగా తినమని పెట్టేది. చెల్లీ అనేది. నన్ను ఎప్పుడైనా ఒక మాట అందా అని తర్వాత చాలా వెతుక్కున్నాను. దొరికితే కాస్త తేలికపడేదాన్ని. దొరకలేదు.

మా ఇద్దరికీ ఒక గుర్తు ఉండేది. మాట తట్టకపోతే ఆవిడ ఎడమ చెవి దిద్దు తాకుతుంది. నేను మొదటి మాట అందించాలి. అది అందితే చాలు, చెవితో నేర్చుకున్నది కాబట్టి మిగతాదంతా దాని వెంటే వచ్చేస్తుంది. అందకపోతే ఏదీ రాదు.

పోటీలో ఆ సాయంత్రం మొదటి నాటకం మాదే. మూడో రంగం. కోడలి నగలు పోయాయి, నింద తల్లి మీద పడింది, కొడుకు నిలదీస్తున్నాడు. తల్లి కాసేపు మౌనంగా నిలబడి, "తప్పు నాది కాదు నాయనా" అని మొదలుపెట్టాలి. ఆ తర్వాత వచ్చే పెద్ద డైలాగే మొత్తం నాటకానికి ప్రాణం.

అక్క నిలబడింది. మౌనం రిహార్సల్లో కంటే కొంచెం సాగింది. చెయ్యి మెల్లగా లేచి ఎడమ చెవి దిద్దు తాకింది.

నేను చూశాను. పుస్తకం చేతిలో ఉంది. పుస్తకం అక్కర్లేదు కూడా, మాట నాలుక చివరే ఉంది. నోరు తెరవలేదు. ముందే అనుకున్నానా? లేదు, ఒట్టు. ఈ మాట నేనిస్తేనే కదా ఆవిడది, ఒక్క క్షణం ఇవ్వకపోతే ఏమవుతుందో చూద్దాం అనిపించింది. మరి ఆ క్షణం గడిచాక ఇవ్వచ్చు కదా? దిద్దు మళ్ళీ తాకింది. ఈసారి నా వైపు చూసింది కూడా. ఆ కళ్ళలో భయం లేదు. నేనున్నానన్న నమ్మకం ఉంది. అప్పుడూ ఇవ్వలేదు. మొదటిదాన్ని చిన్నతనం అని సరిపెట్టుకోగలను. రెండోదాన్ని ఏమనాలి?

జనం ముందు అది నటనే అనుకున్నారు. తర్వాత వెనక నుంచి ఈలలు మొదలయ్యాయి. కొడుకు వేషం వేసినాయన తోచిందేదో మాట్లాడాడు. చివరికి మాస్టారే తెర వేయించారు.

మేకప్ గదిలో అక్క నా పక్కకు వచ్చి కూర్చుంది. కోపం లేదు. తెలుసుకోవాలని అడిగింది.

"చెల్లీ, నువ్వు చెప్పినావా?"

"చెప్పానక్కా. రెండుసార్లు చెప్పాను. మీకే వినపడలేదండీ."

ఆవిడ చెయ్యి చెవి మీదికి పోయింది. "నాకు వినపళ్ళేదా," అంది, నన్ను కాదు, తనను తానే అడుగుతున్నట్టు.

నా అసలు తప్పు ఇది. వింగ్‌లో నోరు మూసుకోవడం కాదు. ఈ గదిలో నోరు తెరవడం.

వారం తిరక్కుండా కొల్లేటి లంక గ్రామం ఒకదాంట్లో తిరునాళ్ళకు అదే నాటకం వేయాల్సి వచ్చింది. చెవి పోయినదాన్ని స్టేజీ ఎక్కనని అక్క మొండికేసింది. పాత్ర నాకు దక్కింది. పడవలో నా పక్కనే కూర్చుని వచ్చింది. నా జుట్టుకు తనే తెల్లరంగు వేసింది, చీర కట్టింది. నేను ఆడుతున్నంతసేపూ వింగ్‌లో నేను నిలబడే చోట తను నిలబడింది. పెదాలు కదులుతూనే ఉన్నాయి. నాటకం మొత్తం, ఒక్క మాట పొల్లుపోకుండా ఆవిడ నోట్లో ఉంది. "తప్పు నాది కాదు నాయనా" అన్నాను. చప్పట్లు మోగాయి. అందరికంటే ముందు కొట్టింది ఆవిడే. ఆ రోజైనా చెప్పి ఉండచ్చు. చప్పట్లు వదులుకోబుద్ధి కాలేదు.

అక్క వాళ్ళ ఊరు వెళ్ళిపోయింది. మళ్ళీ నాటకం ఆడలేదు. కన్నడ సినిమాల్లో తల్లిగా, అత్తగా, ఇంటి ఓనరుగా ఎన్నో వేషాలు వేసింది. ఆవిడ ఉంటే సీను నిలబడుతుందని అంటారట. ఒక ఇంటర్వ్యూ చూశాను, కింద వచ్చే అక్షరాలు చదువుకుంటూ. నాటకం ఎందుకు మానేశారని అడిగారు. నవ్వి, నాటకానికి చెవి కావాలి, సినిమాలో అయితే ఇంకో టేక్ ఉంటుంది అంది. డాక్టర్లు చెవి బాగుందన్నారట. తను నమ్మలేదట. డాక్టర్లను నమ్మలేదు, నన్ను నమ్మింది.

కొన్నేళ్ళ క్రితం కొల్లేట్లో షూటింగుకు వచ్చిందని తెలిసి వెళ్ళాను. చెప్పేయాలనే వెళ్ళాను. గట్టు మీద గొడుగు కింద కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచి వాటేసుకుని, చుట్టూ ఉన్నవాళ్ళకు చూపించి, నా తెలుగు ఈ పిల్లదే, ఆ రోజు ఇది రెండుసార్లు చెప్పింది, నాకే వినపడలేదు అని నవ్వుతూ చెప్పింది. అంతమంది ముందు. నేనూ నవ్వాను. ఆ నవ్వును ఇప్పుడు తలుచుకుంటే నా మొహం నాకే చూడాలనిపించదు.

ఈ మధ్యనే పోయింది. పేపర్లో రాశారు. కష్టమైన డైలాగుకు ముందు ఎడమ చెవి దిద్దు తాకడం ఆవిడ ప్రత్యేక ముద్ర అని, ఎందరో అనుకరించారని. ముద్ర కాదండీ అది. ప్రతి సినిమాలోనూ, ఇన్నేళ్ళుగా, ఆవిడ నన్ను మాట అడుగుతూనే ఉంది.

నిన్న మధ్యాహ్నం ఆవిడ పాత సినిమా ఒకటి పెట్టుకున్నాను. ఇంట్లో ఎవరూ లేరు. కొడుకు వేషం వేసినతను ఏదో గట్టిగా అడుగుతున్నాడు. ఆవిడ చెయ్యి దిద్దు మీదికి వెళ్ళింది. వింగ్‌లోంచి స్టేజీకి వినపడేంత గొంతుతో, "తప్పు నాది కాదు నాయనా" అన్నాను. ఆవిడ కన్నడంలో ఇంకేదో చెప్పుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ మాట నేను స్టేజీల మీద ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అది ఆవిడ మాట అని ఒప్పుకుంటూ చెప్పడం మాత్రం అదే మొదటిసారి.