నూనె దారిలో పేస్టు

దేశమంతటా బండ్ల పొగ మీద బీఎస్-6 నిబంధనలు అమల్లోకి వచ్చిన ఏడాది నేను ఫరీదాబాద్‌లోని ఒక టర్బోచార్జర్ల కంపెనీలో వారంటీ ల్యాబ్ మేనేజరుగా ఉన్నాను. పాడై తిరిగొచ్చిన టర్బోను విప్పి, తప్పు ఎవరిదో తేల్చి సంతకం పెట్టడం నా పని. మా తప్పయితే కొత్తది ఉచితం, వాడినవాడి తప్పయితే ఖర్చు అతనిదే. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి ఆడదాన్ని కాబట్టి నా సంతకం తేలిగ్గా దొరుకుతుందని చాలామంది అనుకున్నారు. అనుకోనీ అని ఊరుకున్నాను.

ఇంజను బయటికి వదిలేసే వేడి పొగతో టర్బోలో ఒక చక్రం తిరుగుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న చక్రం బయటి గాలిని ఒత్తి సిలిండర్లలోకి నెడుతుంది. గాలి ఎక్కువైతే ఇంధనమూ ఎక్కువ మండించవచ్చు, అందుకే చిన్న ఇంజను పెద్దదాని బలం చూపిస్తుంది. ఆ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది. దాన్ని కాపాడేది పలచటి నూనె పొర ఒక్కటే.

ఒకనాడు రఘువీర్ అనే టాక్సీ డ్రైవరు టర్బో వచ్చింది. సొంత బండి, అది ఆగితే ఇంట్లో పొయ్యి ఆగుతుంది. పైవాళ్ళు తీర్పు ముందే చెప్పేశారు: ఎక్స్‌ప్రెస్‌వే మీద తోలి వేడి మీదే ఇంజను ఆపేశాడు, లోపల నూనె మాడింది. బండి నిలిపి, రెండు నిమిషాలు ఇంజను నడవనిచ్చాకే ఆపుతానని అతను మొత్తుకున్నాడు. "మేడమ్ జీ, ఖోల్ కే దేఖ్ లో," అన్నాడు.

విప్పి చూశాను. వేడి మీద ఆపితే గిన్నె అడుగున మాడిన పాలలా నల్లటి పెచ్చు కట్టాలి. అది లేదు. ఇరుసు మాత్రం నీలంగా కమిలింది, అంటే నూనె అందనే లేదు. నూనె వచ్చే రంధ్రంలో బూడిదరంగు పేస్టు ముద్ద ఉంది. పైపు అతికే ఆ చోట నూనె కారకుండా మధ్యలో పెట్టే పలచటి గాస్కెట్ ఒక్కటే చాలు. మా అధీకృత వర్క్‌షాపుల్లో ఎవరూ దాన్ని నమ్మరు. నూనె కారితే కస్టమర్ తిడతాడని పేస్టు కూడా దట్టిస్తారు. బోల్టు బిగించగానే అది లోపలికి పొంగి దారి మూసేస్తుంది. రఘువీర్ బండికి ఈమధ్యే అలాంటి వర్క్‌షాపులోనే నూనె పైపు మార్చారు.

మా వైస్ ప్రెసిడెంటు తెనాలి మనిషి. మీటింగులో నన్ను మేడమ్ అంటాడు, పని పడితే చెల్లెమ్మ.

"చూడు చెల్లెమ్మా, పేస్టని రాస్తే ఢిల్లీ చుట్టుపక్కల ఎన్‌సీఆర్ వర్క్‌షాపులన్నీ మన మెడకి చుట్టుకుంటాయి. డ్రైవరు తప్పని పెట్టెయ్, ఛోడో, వదిలెయ్."

నాకు ఒళ్ళు మండింది. టర్బోను, ఒక పట్టకారును ఆయన బల్ల మీద పెట్టాను. "ఆ ముద్ద తీసి, ఇది మాడిన నూనే అని మీరే సంతకం పెట్టండి అన్నయ్యగారూ," అన్నాను. ఆయన పట్టకారు ముట్టుకోలేదు.

తప్పు పేస్టుదేనని నేను సంతకం పెట్టాను, రఘువీర్‌కు కొత్త టర్బో వెళ్ళింది. నన్ను ల్యాబ్ నుంచి తీసి ట్రైనింగ్ సెంటర్‌లో పడేశారు. శిక్ష వేశామనుకున్నారు పాపం. వర్క్‌షాపుల మెకానిక్‌లంతా వచ్చేది అక్కడికే. వెళ్తూ వెళ్తూ ఆ పాత టర్బోను వెంట తీసుకెళ్ళాను. రిటైరయ్యేదాకా ప్రతి బ్యాచికీ మొదటి పాఠం దానితోనే చెప్పాను.

పాడైన వస్తువును విప్పకముందే తప్పెవరిదో తెలిసిపోయిందంటే, అక్కడ ఎవరినో కాపాడుతున్నారని అర్థం. అప్పుడు ముందు పానా పట్టుకోవాలి, పెన్ను తర్వాత.