‘వద్దు’ నేర్పిన టీచరుగారు

రాజోలు టీచరుగారు పోయారని గురువారం పొద్దున్నే ఫోనొచ్చింది. చేసినావిడ కూడా నాలాగే, ఆటిజం ఉన్న పిల్లని టీచరుగారి దగ్గరికి తీసుకెళ్ళే తల్లి. "తెల్లారగట్ల గుండెనొప్పొచ్చిందంటండి. ఆసుపత్రికి బయల్దేరేలోపే పోయేరంట" అంది. మాడు వాసన వచ్చాక గానీ పొయ్యి మీద ఉప్మా సంగతి గుర్తు రాలేదు.

ఆవిడ గురించి పేపర్లో రాలేదు. వచ్చేంత పెద్ద పదవులేవీ ఆవిడ చెయ్యలేదు. సర్కారు బడుల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఆ తర్వాత ఇంటి వరండాలో చాప పరుచుకుని, ఆటిజం ఉన్న పిల్లలకి ఒక్కొక్కరికే విడిగా నేర్పేవారు. నాకు తెలిసిన మనుషుల్లో అంత తెలివైన మనిషి ఇంకొకరు లేరు. ఈ మాట అంటే మా ఆయన కువైట్ నుంచి ఫోన్లో "నేను లేనా" అంటాడు. లేడు.

మా సిరికి అయిదేళ్ళు దాటినా మాట లేదు. పిలిస్తే పలికేది కాదు, మొహంలోకి చూసేది కాదు, జుట్టు దువ్వబోతే తలని గోడకేసి కొట్టుకునేది. సలహాలకి మాత్రం కొదవ లేదు. వస కొమ్ము అరగదీసి నాలిక్కి రాయమనేవాళ్ళు కొందరు, ఎదిగితే మాట అదే వస్తుందనేవాళ్ళు కొందరు, కడుపుతో ఉన్నప్పుడు నేనేదో తినకూడనిది తిన్నానని తేల్చేసినవాళ్ళు కొందరు. నాకసలే నోరు ఆగదు. ఆ రోజుల్లో మా ఊరు మామిడికుదురులో నాతో మాటలు మానేసినవాళ్ళు బాగానే పెరిగారు.

మొదటిరోజు టీచరుగారిని నేనడిగింది ఒక్కటే, నా కూతురు మామూలు పిల్ల అవుతుందా అని. ఆవిడ చాప మీద సిరి పక్కన కూర్చుని, అది తిప్పుతున్న గిన్నెమూతని తనూ తిప్పుతూ, నా వైపు చూడకుండానే జవాబిచ్చారు.

"పిల్లని మార్చడం నాకు రాదమ్మా. బతుక్కి పనికొచ్చేవి నేర్పడం కొంచెం వచ్చు. అది చాలంటే రేపట్నించి తీసుకురా."

నాకు కోపమొచ్చింది. అయినా మర్నాడు వెళ్ళాను. రెండు ఆటోలు మారి, ఆరేళ్ళపాటు వెళ్తూనే ఉన్నాను.

ఏ పనినైనా ముక్కలు చెయ్యడం ఆవిడ పద్ధతి. చెయ్యి కడుక్కోవడం మనకి ఒక పని, ఆవిడకి తొమ్మిది పనులు. కుళాయి దగ్గరికి నడవడం ఒకటి, తిప్పడం ఒకటి, తడపడం ఒకటి. గౌను తొడుక్కోవడమైతే చివర్నించి నేర్పారు. మొత్తం తనే తొడిగి, ఆఖరి బొత్తాం మాత్రం సిరి చేత పెట్టించేవారు. అది వచ్చాక ఆఖరి రెండు బొత్తాలు. పని పూర్తి చేసింది ఎప్పుడూ పిల్లే అవ్వాలట, ఓడిపోయి లేచిన పిల్ల మర్నాడు చాప మీదకి రాదట. ఆవిడ తండ్రిగారు వేదపండితులు. వాళ్ళింట్లో సంత చెప్పుకోవడం, అంటే గురువు ఒకసారి అంటే శిష్యులు రెండుసార్లు అనడం, వింటూ పెరిగిన మనిషి. "మా నాన్నగారు పాదం పాదం విరిచి చెప్పేవారు. నేను ఆ పాదాన్ని కూడా విరిచేను, అంతే తేడా" అని నవ్వేవారు.

ఒక ముక్క పని పూర్తవగానే సిరి నోట్లో గోరంత పూతరేకు ముక్క పడేది. ఆత్రేయపురంలో మా ఆడపడుచు ఉంది కాబట్టి సరఫరా నా వంతు. బిస్కెట్టు పెట్టొచ్చు కదండీ అన్నాను ఒకసారి. బిస్కెట్టు నమిలేలోపు పిల్ల తను చేసిందేమిటో మరిచిపోతుందని, రేకైతే నాలిక మీద పెట్టగానే కరిగిపోతుంది కాబట్టి వెంటనే ఇంకో ముక్క పనిలోకి వెళ్ళొచ్చని చెప్పారు. కొన్నాళ్ళకి రేకు ప్రతిసారీ కాకుండా ఎప్పుడో ఒకసారి వచ్చేది. చివరికి "చెయ్యి కడిగేవు!" అన్న మాటే చాలింది. ఉత్తినే గుడ్ అంటే ఆవిడ ఒప్పుకునేవారు కాదు. పిల్ల ఏం చేసిందో ఆ పని పేరు చెప్పి మెచ్చుకోవాలి.

సిరి తల గోడకేసి కొట్టుకుందని ఏడుపుమొహంతో చెప్పబోతే, ఓదార్పు ఉండేది కాదు. "ముందు ఏమయింది?" అనేవారు. నాకు వొళ్ళు మండేది. ఒక నోటుబుక్కులో మూడు గడులు గీసిచ్చారు. ముందు ఏమయింది, పిల్ల ఏం చేసింది, తర్వాత మనం ఏం చేశాం. పదిహేను రోజులు రాశాక తేలిందేమిటంటే, పిల్లకి పడనిది దువ్వెన కాదు. దువ్వేటప్పుడు మా అత్తగారి చేతుల నిండా ఉండే గాజులు చెవి దగ్గర చేసే చప్పుడు. అత్తగారు దువ్వడం మానేశారు, నేను మట్టిగాజులు తీసి దువ్వాను, తల కొట్టుకోవడం నెలలో ముప్పాతిక తగ్గిపోయింది. ఆ వారం నుంచి టీచరుగారు కూడా గాజులు తీసేశారు. భర్త మాస్టారుగారు నిక్షేపంలా ఉండగా ఆవిడ ఉత్తచేతులతో తిరుగుతుంటే వీధిలో అందరూ అడిగేవారు. "సిరికి చప్పుడు పడదండి" అని, సిరి ఎవరో ఊరందరికీ తెలిసినట్టే చెప్పి వెళ్ళిపోయేవారు.

ఇక 'ఆయ్' సంగతి. మా వైపు ఎవరేమన్నా 'ఆయ్' అంటాం. అవునండి, అలాగేనండి, వింటున్నానండి, అన్నీ అందులోనే ఉంటాయి. ఆయ్ అనే పిల్లని చూస్తే పెంపకం మంచిదని మెచ్చుకుంటారు. సిరి నోట మొదట పలికిన మాట అదే. టీచరుగారు గ్లాసు చూపించి "నీళ్ళు కావాలా?" అనేవారు, వెనక నుంచి నేను ఆయ్ అనేదాన్ని, పిల్ల పెదవి కదిపితే చాలు నీళ్ళు చేతికొచ్చేవి. రెండు నెలల తర్వాత ఒకరోజు సిరి నాకంటే ముందే అనేసింది. నేను వరండా స్తంభానికి ఆనుకుని ఏడ్చేశాను. మా అత్తగారైతే దాని వేలు పట్టుకుని వీధంతా తిప్పారు. అన్నం తిన్నావా అంటే ఆయ్. బాగున్నావా అంటే ఆయ్. మీ మనవరాలికి ఎంత మర్యాదండీ అని అందరూ అంటుంటే ఆవిడకి కడుపు నిండిపోయింది. టీచరుగారి గోడ మీద సిరికి వచ్చిన మాటల జాబితా ఒకటి ఉండేది. అందులో 'ఆయ్' అన్నిటికంటే పైన ఎక్కింది.

ఆ మర్యాదే మా కొంప ముంచబోయింది. ఒకసారి నరసాపురం వెళ్ళాల్సొచ్చి సఖినేటిపల్లి రేవుకి వెళ్ళాం. టికెట్టు తీసుకోవడానికి సిరి చెయ్యి ఒక్క నిమిషం వదిలాను. తిరిగి చూస్తే పిల్ల లేదు. జనాన్ని దాటించే పంటు అప్పుడే ఒడ్డు వదిలింది. నీళ్ళ వైపు చూడ్డానికి నాకు ధైర్యం చాలలేదు. ఒడ్డు పొడుగునా పేరు పెట్టి అరుస్తూ పరిగెత్తాను, పిలిస్తే పలకని పిల్లని. నలభై నిమిషాలకి టికెట్లిచ్చే ఆయన ఫోను మీద ఫోను చేసి కనుక్కున్నాడు, పిల్ల అవతలి ఒడ్డున క్షేమంగా ఉందని.

జరిగిందేమిటంటే, ఒక పెద్దావిడ సిరి ఒంటరిగా నిలబడి ఉండటం చూసింది. పాపమని దగ్గరికొచ్చి, మీ అమ్మ పంటెక్కేసిందా అని అడిగింది. ఆయ్. నాతో వస్తావా అంది. ఆయ్. పంటు మీద, మీది నరసాపురమేనా అంది. ఆయ్. నేను వెళ్ళేసరికి సిరి ఆవిడ కొంగు పట్టుకుని బెంచీ మీద కూర్చుని ఉంది. "బంగారంలాంటి పిల్లండి. ఏవడిగినా ఆయ్ అంటాదండి" అంది ఆవిడ. ఆ పెద్దావిడది తప్పేమీ లేదు. ఆవిడ కాకుండా ఆ రోజు అడిగింది ఇంకెవరైనా అయ్యుంటే అన్న ఆలోచన వచ్చాక ఇంటికొచ్చేదాకా దాని చెయ్యి వదల్లేదు.

మర్నాడు టీచరుగారి మీద అరిచేద్దామనే వెళ్ళాను. అరిచాను కూడా. ఆవిడ మొత్తం విన్నారు. లేచి, గోడ మీది జాబితాలో 'ఆయ్' అన్న మాటని ఎర్ర పెన్నుతో కొట్టేశారు.

"తప్పు నాదేనమ్మా. వద్దనడం రాని పిల్ల ఆయ్ అంటే అది జవాబు కాదు. మాటొచ్చిందని మనం మురిసిపోయేం గానీ, ఆ మాట దానికి పనికొస్తోందా అని చూడలేదు."

అంత వయసు మనిషి, అంతమందికి నేర్పిన మనిషి, నాలాంటి దాని ముందు తప్పు ఒప్పుకుని, అది సరిగ్గా ఎక్కడుందో కూడా చూపించారు. నాకు ఆవిడ మీద గురి కుదిరింది ఆ రోజే. సిరి వద్దనగలగాలి, అన్నప్పుడు మేం వినాలి. లేకపోతే ఎవరు చెయ్యి పట్టుకుంటే వాళ్ళ వెంట వెళ్ళిపోతుంది. ఆ తర్వాత మా పనంతా అదే.

మా అత్తగారు ససేమిరా అన్నారు. ఆడపిల్లకి ఎదురు చెప్పడం నేర్పుతారా, ఇంకేమీ దొరకలేదా అని. టీచరుగారు మా ఇంటికొచ్చారు గానీ వాదించలేదు. రేవు దగ్గర ఏం జరిగిందో మీ నోటితో ఒకసారి చెప్పండి అని మా అత్తగారినే అడిగారు. అత్తగారు సగం చెప్పి ఆగిపోయారు. చివరికి ఒక షరతు పెట్టారు. "ఆ అనేదేదో వద్దండి అనమనండి. మర్యాదైనా మిగుల్తాది." టీచరుగారు సంబరపడిపోయి అత్తగారి చేతులు పట్టుకున్నారు. ఇది తనకి తట్టలేదని, పెద్దవాళ్ళకి మనసొప్పితేనే పిల్ల మాట ఇంట్లో చెల్లుతుందని అన్నారు.

సిరికి కాకరకాయ అంటే అసహ్యం. పళ్ళెంలో ఆ ముక్క పెట్టి దాని దగ్గరికి జరపడం, పిల్ల అరవకముందే దాని చేత్తో పళ్ళేన్ని వెనక్కి నెట్టించడం, "వద్దండి" అని మేం అందివ్వడం, ఆ క్షణమే పళ్ళెం తీసెయ్యడం. రోజుకి ఇరవైసార్లు. బతిమాలడం నిషేధం. ఇంకొక్కసారి అడిగామంటే మొదటి జవాబు విననట్టే అని టీచరుగారి లెక్క. నాకు విడిగా ఇంకో మాట చెప్పారు.

"జవాబు వినే ఉద్దేశం ఉంటేనే అడుగమ్మా. లేకపోతే అడక్కు, చెప్పు. మందు వేసుకుంటావా అని అడిగి, వద్దంటే నోరు నొక్కి పోసేవనుకో, మనం నేర్పిందంతా గోదాట్లో కలిసినట్టే."

వినడానికి ఎంత తేలికో. రోజుకి ఎన్నిసార్లు ఉత్తుత్తినే అడుగుతానో అప్పటిదాకా నాకే తెలియదు. స్నానం చేద్దామా, పడుకుందామా, అమ్మమ్మతో మాట్లాడతావా. ఒక్కదానికీ కాదంటే ఒప్పుకునే ఉద్దేశం నాకు లేదు. నోటిని అదుపు చేసుకోవడం నేర్చుకోవాల్సింది సిరి కంటే ముందు నేను. పిల్ల కంటే నెమ్మదిగా నేర్చుకున్నానని టీచరుగారు నా మొహం మీదే అనేవారు.

ఎనిమిది నెలలకి సిరి ఆ మాట ఎవరూ అందివ్వకుండా అంది, అదీ ఆవిడతోనే. ఆవిడ బొమ్మల కార్డులు తీసి "మొదలెడదామా సిరీ?" అన్నారు. సిరి వాటి వంక చూసి, చేత్తో నెట్టి, "వద్దండి" అంది. టీచరుగారు కార్డులు పెట్టెలో పెట్టి మూత పెట్టేశారు. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. నేను ఊరుకుంటానా. రెండు ఆటోలు మారి వస్తే ఆరు నిమిషాల పాఠమా, కాసేపాగి ఇంకోసారి అడగండి అన్నాను. "పాఠం అయిపోయిందమ్మా. దీన్ని మించిన పాఠం నా దగ్గర లేదు" అని గేటు దాకా వచ్చి సాగనంపారు. ఈ పిల్ల ఇవాళ నన్ను వద్దంది బాబూ అని ఆటో అతనితో కూడా చెప్పుకున్నారు. మర్నాడు వెళ్ళి చూస్తే జాబితాలో 'వద్దండి' ఉంది. దాని పక్కన 'ఆయ్' మళ్ళీ కొత్తగా రాసి ఉంది.

ఇప్పుడు సిరికి పదకొండేళ్ళు. పెద్ద మాటలు ఇప్పటికీ రావు. స్నానం తనే, బట్టలు తనే, జడ మాత్రం నేను.

ఆ గురువారం ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. అత్తగారు, మామగారు ఆత్రేయపురం వెళ్ళారు. టీచరుగారిని పదకొండింటికి తీసుకెళ్ళిపోతారని తెలిసింది. ఆవిడ చనిపోయారని సిరికి నాకు చేతనైనట్టు చెప్పాను. ఎంత అర్థమైందో తెలియదు. ఆటోకి ఫోన్ చేసి, చీర మార్చుకుని, చెప్పులేసుకున్నాను. ఆ కంగారులో నోరు జారాను. వెళ్ళాలి అని చెప్పాల్సింది. "టీచరుగారిని చూడ్డానికి వెళ్దామా సిరీ?" అని అడిగాను.

"వద్దండి" అంది.

పక్కింట్లో వదిలి వెళ్దామంటే అది పరాయి ఇంట్లో పది నిమిషాలు నిలవదు. చెయ్యి పట్టుకున్నాను. లాగితే వచ్చేస్తుంది, ఇంకా నా బలమే ఎక్కువ. ఆవిడ మొహం ఆఖరిసారి చూడాలని నాకు ప్రాణం కొట్టుకుపోయింది. సిరి అరవలేదు, కరవలేదు. రెండో చేత్తో నా వేళ్ళు మెల్లగా విడదీస్తూ ఇంకోసారి చెప్పింది, "వద్దండి". వదిలేశాను.

పొద్దున్న ఫోన్ చేసినావిడే మళ్ళీ చేసింది, ఎంతదాకా వచ్చేరండి అని. రావట్లేదండి అన్నాను. మీరు రాకపోవడమేంటండీ అంది.

"వెళ్దామా అని సిరిని అడిగేనండి. వద్దందండి."

ఆవిడా ఆ చాప మీద నేర్చుకున్న మనిషే. "ఆయ్" అంది మెల్లగా. అక్కడ అందరికీ తను చెప్తానంది.

ఆటో వచ్చి హారన్ కొట్టింది. అతన్ని వెనక్కి పంపేశాను. ఆటో సందు మలుపు తిరిగేదాకా సిరి గుమ్మంలో నిలబడి చూసింది. నేను చెప్పులతోనే మెట్టు మీద కూలబడి ఏడుస్తున్నాను. సిరి వచ్చి నా ముందు కూర్చుంది. ఎడమ చెప్పు పట్టీ విప్పింది. కుడిది విప్పింది. రెండూ తీసి లోపలికి పట్టుకెళ్ళింది.