మా ఆయన కొన్న ఏనుగు

కొండపల్లిలో ఒక ట్రాక్టర్ల షోరూమ్ ఉంది. బస్సు దాని ముందు నుంచి వెళ్తుంటే నేను ఇప్పటికీ మొహం అవతలి వైపు తిప్పుకుంటాను. పక్క సీటులో ఉన్నావిడ తనతో మాట్లాడాలనుకుంటున్నాననుకుని "ఎక్కడి దాకానండీ?" అని పలకరిస్తుంది. మా అమ్మను వెంటేసుకుని, ఆ అద్దాల తలుపు తోసుకుని వెళ్లి, అందరి ముందూ "ఏనుగు ఎక్కడ?" అని అరిచిన మనిషి పక్కన కూర్చున్నానని పాపం ఆవిడకేం తెలుసు! ఆ రోజు మా ఆయన ఉద్యోగం, నా కాపురం, మా ఇంటి పరువు మూడూ ఒకే దెబ్బకు గంగలో కలవాల్సింది. ఎలా కలవబోయాయో చెప్తాను. నవ్వుకోండి, ఫరవాలేదు. మా అమ్మకు మాత్రం చెప్పకండి. తప్పంతా అల్లుడిదేనని ఆవిడ ఇప్పటికీ గట్టిగా నమ్ముతోంది.

ముందు నా గురించి ఒక మాట. అనుమానం నాకు పుట్టింటి నుంచి వచ్చింది. మా అమ్మది పామర్రు. పాలవాడు నవ్వితే నీళ్లు కలిపాడంటుంది, నవ్వకపోతే ఇంకాస్త ఎక్కువ కలిపాడంటుంది. విత్తనాల కొట్టాయన మర్యాదగా "రండమ్మా" అంటే చాలు, బస్తా విప్పించి గింజలు గుప్పిట్లో పోసుకుని చూస్తుంది. ఆవిడ చేత మారుమాట లేకుండా ఒక వస్తువు కొనిపించిన మొనగాడు మా పామర్రులో ఇంతవరకూ పుట్టలేదు. అలాంటావిడ కడుపున పుట్టి, పెళ్లయి గుణదల వచ్చి, మొగుణ్ణి నమ్మమంటే ఎలా నమ్ముతానండీ? పైగా మా ఆయన అనుమానించడానికి ఏమీ దొరకని మనిషి. అసలు నా అనుమానమే అది.

ఆయన విజయవాడలో ఒక ట్రాక్టర్ల డీలరు దగ్గర సేల్స్‌లో పనిచేసేవారు. ఆ ఓనరుగారు కొండపల్లిలో కొత్త షోరూమ్ పెడుతూ, దానికి మేనేజరును స్టాఫులోంచే తీసుకుంటామన్నారు. ఆ ఉద్యోగం వస్తే మా ఆయన ఇంటి నుంచే రోజూ వెళ్లి రావచ్చు. రాకపోతే శ్రీకాకుళం బ్రాంచికి పంపేస్తామని ముందే చెప్పేశారు. నాకు గుణదలలో ఒక స్కూలు ఆఫీసులో ఉద్యోగం. అంటే ఆయన అక్కడ, నేను ఇక్కడ. ఇంటర్వ్యూ చేసేది ఓనరుగారి అమ్మాయి. బెంగళూరులో పెద్ద చదువు చదివొచ్చింది, ఇంగ్లీషు తప్ప మాట్లాడదు అని స్టాఫంతా ఒకరినొకరు భయపెట్టుకున్నారు.

"భారతీ, నాకు ఇంగ్లీషు రాదే. ఎలా?" అన్నారు మా ఆయన దిగాలుగా.

"నేను లేనూ?" అన్నాను.

నా ఇంగ్లీషంటే ఏమిటనుకున్నారు! స్కూలు ఆఫీసులో కూర్చుని "ఫీజు పెయిడ్? నాట్ పెయిడ్?" అని పేరెంట్స్‌ని గడగడలాడించే ఇంగ్లీషు. ఆ ధీమాతోనే మా ఇంట్లో ఒక చట్టం తెచ్చాను. సాయంత్రం కాఫీ గ్లాసు కింద పెట్టినప్పటి నుంచి అన్నాలు తినేదాకా ఎవరూ తెలుగు మాట్లాడకూడదు. మాట్లాడినవాళ్లు ఆ పూట గిన్నెలు తోమాలి. రోజూ కొన్ని కొత్త మాటలు, కొన్ని క్రియలు, వాటి పాస్ట్ టెన్సులు ఆయన చేత బట్టీ పట్టించి, చివర్లో "వాట్ డిడ్ యు డూ టుడే?" అని అడుగుతాను. ఆయన చెప్పాలి.

ఇదే ప్రశ్న తెలుగులో అడిగితే, పెళ్లయిన నాటి నుంచి ఆయన ఇచ్చే జవాబు ఒక్కటే. "ఏముంది, మామూలే." ఇంగ్లీషులో అడిగిన మొదటి సాయంత్రమే ఏమన్నారో వినండి.

"టుడే ఐ మెట్ ఎ గర్ల్."

కూరకు వంకాయలు తరుగుతున్నదాన్ని, చెయ్యి ఆగిపోయింది. "వాట్ గర్ల్?"

ఆయన కాసేపు ఫ్యాను వంక చూశారు. "బ్యూటిఫుల్ గర్ల్," అన్నారు. అని, మార్కుల కోసం ఎదురుచూసే పిల్లాడిలా నా మొహంలోకి చూశారు.

టీచర్ని కదా, ఏమంటాను? "వెరీ గుడ్" అన్నాను. పళ్లు నూరుతూ అన్నాను. ఆయనకు గుడ్ మాత్రమే వినపడింది. మర్నాటికి రెట్టించిన ఉత్సాహంతో వచ్చారు.

"టుడే ఐ బాట్ యాన్ ఎలిఫెంట్. ఐ గేవ్ ది ఎలిఫెంట్ టు ది బ్యూటిఫుల్ గర్ల్. షి వజ్ వెరీ హ్యాపీ."

ఏనుగు అనగానే మీరైతే నవ్వేసి ఊరుకుంటారు. అనుమానం ఉన్నవాళ్లు అలా ఊరుకోరండీ. ఆలోచిస్తారు. మా ఆయన జీతానికి ఏనుగు రాదు, కాబట్టి అది బొమ్మ ఏనుగు. బొమ్మ ఏనుగంటే కొండపల్లి అంబారీ ఏనుగే. ఈయన తిరుగుతున్నదీ కొండపల్లి ఉద్యోగం కోసమే. కాబట్టి ఆ పిల్లది కొండపల్లి! చూశారా, కూర దించేలోగా ఊరితో సహా తేల్చేశాను. దానికి తోడు ఆయన చొక్కా కాలరు మీద ఎర్ర రంగు మరక కూడా కనపడింది. బొమ్మలకు వేసే రంగు! ఇంకేం కావాలి?

పొద్దున్నే అమ్మకు ఫోన్ చేసి అంతా చెప్పాను. అమ్మ కూడా ఒక్క క్షణం సందేహించింది. "ఒసేయ్, నిజంగా అలాంటిదేదన్నా ఉంటే నీకెందుకు చెప్తాడే? నిన్ను ఏడిపించడానికి అబద్ధం ఆడుతున్నాడేమో."

"అమ్మా, నువ్వు ఆయన ఇంగ్లీషు వినలేదు. అబద్ధం ఆడేంత ఇంగ్లీషు ఆయనకు రాదు," అన్నాను.

"అయితే నిజమే," అంది అమ్మ.

అప్పటి నుంచి ప్రాక్టీసు పేరుతో రోజూ విచారణే. ఆయనేమో నేను కష్టపడి నేర్పిస్తున్నానని పొంగిపోయేవారు.

"వేర్ డిడ్ యు సిట్?"

"అండర్ ది ట్రీ."

"వాట్ డిడ్ షి ఈట్?"

"మ్యాంగో!"

అది మామిడిపళ్ల కాలం కాదు. కాలం కాని కాలంలో దానికి పళ్లు ఎక్కడి నుంచి తెచ్చి పెట్టాడా అని నాకు అదో మంట. కాలంలో కూడా నాకెప్పుడూ ఒక్క రసం పండు తేలేదు మహానుభావుడు! నాకు మంట పెరుగుతున్నకొద్దీ ఆయన ఇంగ్లీషు బాగుపడుతోంది. ఒక సాయంత్రం నా వాలకం చూసి అనుమానం వచ్చినట్టుంది, "భారతీ, అసలు సంగతేంటంటే..." అని తెలుగులో మొదలుపెట్టారు.

"నో తెలుగు! గిన్నెలు!" అన్నాను.

ఆయన సింకు వంక చూశారు. నోరు మూసుకున్నారు. మళ్లీ ఏనుగెక్కారు.

ఇంటర్వ్యూ సోమవారం. ఆదివారం సాయంత్రం ఫ్యూచర్ టెన్స్ పెట్టుకున్నాం. "వాట్ విల్ యు డూ టుమారో?" అని అడిగాను.

"టుమారో ఐ విల్ గో టు కొండపల్లి. ఐ విల్ మీట్ ది బ్యూటిఫుల్ గర్ల్. వి విల్ బి వెరీ హ్యాపీ," అన్నారు తడుముకోకుండా.

"వి" అంటే ఎవరెవరో ఇంగ్లీషులో ఎలా నిలదీయాలో నాకు తోచలేదు. ఇంటర్వ్యూ వంకతో మా ఆయన చేయిజారిపోతున్నారని, ఉద్యోగం వచ్చినా రాకపోయినా నేను ఒంటరిదాన్నయిపోతానని నిజంగానే ఏడుపొచ్చింది. అయినా బయటపడలేదు. పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసిచ్చి, "ఆవిడ ఏ భాషలో అడిగినా మీరు మాత్రం ఇంగ్లీషులోనే చెప్పండి" అని గుమ్మంలో ఆర్డరు కూడా వేశాను. ఆయన వీధి మలుపు తిరిగారో లేదో, అమ్మ పామర్రు నుంచి దిగింది. ఇద్దరం కొండపల్లి బస్సెక్కాం.

"ఏనుగు కనపడితే ముందు దాన్ని లాక్కో. సాక్ష్యం ఉండాలి," అంది అమ్మ. థర్మల్ స్టేషన్ గొట్టాలు దాటేదాకా ఏం తిట్టాలో నాకు పాఠం చెబుతూనే ఉంది.

షోరూమ్‌కు మామిడాకులు కడుతున్నారు. అద్దంలోంచి లోపలికి చూశాను. మా ఆయన చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఆయన ఎదురుగా ఒక అమ్మాయి. అందంగా ఉంది. చాలా అందంగా ఉంది. కొంప ముంచింది అదే.

"అదిగో!" అంది అమ్మ.

తలుపు తోసుకుని లోపలికి దూకాను. ఇన్ని రోజుల అలవాటు కదా, కోపం కూడా ఇంగ్లీషులోనే వచ్చింది. "వేర్ ఈజ్ ది ఎలిఫెంట్?" అని అరిచాను.

నా వెనకే అమ్మ. "ఏమండీ అల్లుడుగారూ, ఏనుగునెక్కడ దాచారు?"

ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. కుర్చీలోంచి లేచి నిలబడి, మా వంకా ఆయన వంకా మార్చి మార్చి చూసి, "అంటే... ఆ ఏనుగు నిజమేనాండీ?" అంది.

తెలుగులో. చక్కటి కృష్ణా జిల్లా తెలుగులో.

ఓనరుగారి అమ్మాయి ఆవిడే. "ఇప్పటిదాకా ఎవరికేం అమ్మారో చెప్పండి అని నేను తెలుగులోనే అడిగానండీ. ఈయనేమో ఒక అందమైన అమ్మాయికి ఏనుగునిచ్చాను, చెట్టు కింద కూర్చున్నాం, మామిడిపండు తిన్నది అంటున్నారు ఇంగ్లీషులో. ఒంట్లో బాగోలేదేమోనని నాన్నగారికి ఫోన్ చేయబోతున్నాను. ఇంతలో మీరొచ్చారు," అంది. మామిడాకులు కట్టేవాళ్లు నిచ్చెనలు దిగొచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు.

"అసలు జరిగిందేమిటో తెలుగులో చెప్పండీ, ప్లీజ్," అందావిడ మా ఆయనతో.

ఆయన నా వంక చూశారు. గిన్నెలు గుర్తొచ్చినట్టున్నాయి.

"ఫరవాలేదు, చెప్పండి," అన్నాను నీరసంగా.

కాలువకు నీళ్లొదిలినట్టు వచ్చేశాయి మాటలు. "అమ్మాయీ లేదు, ఎవరూ లేరే భారతీ! ఉయ్యూరు అవతల నుంచి ఓ ముసలాయన వచ్చాడు. నోట్లో పన్ను లేదు. ఆ మాట చెప్పడానికి నాకు ఇంగ్లీషేదీ? బ్యూటిఫుల్ గర్లయితే నువ్వే నేర్పావు. ఆయనకి పవర్ టిల్లరు అమ్మాను. ఏనుగంటే అదే. అమ్మడానికి ఇంగ్లీషు రాక కొన్నానన్నాను."

"పవర్ టిల్లరు ఇంగ్లీషు మాటే కదండీ! అదే అనొచ్చుగా?"

"అది ఇంగ్లీషా?" అన్నారు ఆయన తెల్లబోయి. "టిల్లరు, గేరు, క్లచ్చి, షెడ్డు... రోజూ రైతులతో మాట్లాడే మాటలే కదే ఇవి! తెలుగనుకున్నాను. ఆ మాటలంటే గిన్నెలు తోమిస్తావని నోరెత్తలేదు."

"మరి మామిడిపండో?" అంది అమ్మ, ఏదో ఒకటి మిగలకపోతుందా అన్నట్టు.

"ఆయన టీ తాగాడు అత్తయ్యగారూ. తాగడం అప్పటికింకా నాకు రాలేదు, తినడం దాకానే అయింది."

"కాలరు మీద రంగు?"

"మా షాపు బోర్డుకి రంగేస్తుంటే నిచ్చెన పట్టుకున్నాను."

"పోనీ, హ్యాపీ అన్నారటగా, అదన్నా నిజమేనా?"

"అది మాత్రం నిజమండీ!" అన్నారు మా ఆయన, ఒక్కసారిగా మొహం వెలిగిపోతూ. ఇక మొదలుపెట్టారు. ఆ ముసలాయన పల్లపు చేలో ట్రాక్టరు ఎలా దిగబడిపోయేదో, టిల్లరు ఆ బురదలో ఎలా తిరుగుతుందో, గట్టు మలుపులో హ్యాండిల్ ఎలా తిప్పాలో, చేతులతో చూపించి మరీ చెప్పారు. పెళ్లయినప్పటి నుంచి నాకు "మామూలే" అని చెప్పిన మనిషేనా ఈయన అని నోరు తెరుచుకుని విన్నాను. అమ్మ కూడా వింటోంది. కొంగు నడుముకు దోపుకుని ముందుకొచ్చింది.

"మా మెరక చేలో తిరుగుద్దా అది?"

"మెరకకి మీకు దండగ అత్తయ్యగారూ, ట్రాక్టరు కిరాయికి తోలించుకోండి. కాలవ కింద పల్లంలో చేనుంది చూడండి, దానికైతే తీసుకోవచ్చు."

అమ్మ ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. నీళ్లు ఎక్కడ కలిపాడా అని వెతుకుతోందని నాకు తెలుసు. ఏమీ దొరకలేదు. "ఎరుపు రంగేనా, నీలం లేదా?" అంది చివరికి.

ఓనరుగారి అమ్మాయి ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఇక ఆగలేక టేబులు మీద వాలిపోయి నవ్వింది. "పోట్లాటకొచ్చిన అత్తగారికే టిల్లరు అమ్మేశారు కదండీ! షోరూమ్ ఇంకెవరి చేతిలో పెడతాను?" అంది. ఆయన బిత్తరపోయి, "మరి ఇంగ్లీషు, మేడమ్?" అన్నారు.

"మీకు దణ్ణం పెడతాను. దాని జోలికి మాత్రం వెళ్లకండి," అందావిడ.

సాయంత్రం ఇంటికొచ్చాం. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టి, మా ఆయన అలవాటు కొద్దీ గొంతు సవరించుకున్నారు. "ఐ లవ్ మై వైఫ్," అన్నారు.

సంబరం గొంతు దాకా వచ్చింది. వచ్చి ఆగిపోయింది. అబద్ధం ఆడేంత ఇంగ్లీషు లేదనుకున్న మనిషికి నిజం చెప్పేంత ఇంగ్లీషు కూడా లేదని ఆ పొద్దునే తేలింది కదండీ! ఇప్పుడీ మాట మనసులోదా, లేక నోటికి వచ్చిన వాక్యం ఇదొక్కటేనా?

"తెలుగులో చెప్పండి," అన్నాను.

ఆయన ఫ్యాను వంక చూశారు. చాలాసేపు ఆలోచించారు. "ఇవాళ గిన్నెలు నేను తోముతాలే," అన్నారు.

నమ్మాను.

కాబట్టి పాఠక మహాశయులారా, కృష్ణా కాలువ నీళ్లు దోసిట్లో పట్టుకుని మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా కంఠంలో ప్రాణం ఉండగా మా ఆయన్ని ఇంగ్లీషులో అనుమానించను. తెలుగులో అంటారా, అది నా పుట్టింటి ఆస్తి. దాన్ని మాత్రం వదులుకోలేను.