నిండుకున్న డబ్బాలు

మా అన్నయ్యని నేను వెనకేసుకు రాను. తోడబుట్టినవాడైతే మాత్రం? ఆడపడుచు అన్నాక వదిన మీద కత్తి నూరాలని లోకం అనుకుంటుంది. నేను నూరిన కత్తులన్నీ అన్నయ్య మీదే. ఎందుకో చెప్తాను, విన్నాక మీరే తీర్పు చెప్పండి.

మా చిన్నప్పుడే అమ్మ పోయింది. నాన్న నన్ను మేనత్త ఇంట్లో దింపి, వాణ్ణి హాస్టల్లో పడేశాడు. నేను అత్త వంటింట్లో డబ్బాలు తుడుస్తూ పెరిగాను. వాడు కంచం పట్టుకుని వరసలో నిలబడితే అన్నం పడే చోట పెరిగాడు. ఆ అన్నం వెనక ఎవరు ఎన్ని తిప్పలు పడ్డారో వాడికి అప్పుడూ తెలీదు, పెళ్ళయ్యాకా తెలీదు. ఇప్పుడు బస్సు డిపోలో విడిభాగాల స్టోరు చూస్తాడు. ఒక్క బోల్టు కనపడకపోతే డ్రైవర్లని, మెకానిక్కులని వరసగా నిలబెట్టి దొంగలని అడిగినట్టు అడుగుతాడట. ఇంట్లోనూ అదే వరస.

ఇక మా వదిన. బజార్లో కూరగాయలవాళ్ళు ఆవిడకి ముల్లమ్మ అని పేరు పెట్టారు. తూకం వేస్తున్నంతసేపూ తక్కెడ ముల్లు మీంచి చూపు తిప్పదు, అది నిలకడగా ఆగేదాకా పర్సు తీయదు.

"అమ్మా, మీ చూపుకి నా ముల్లుకి దిష్టి తగులుతుంది," అని ఉల్లిపాయలవాడు ఏడిపించేవాడు.

"తగలనీవయ్యా. అప్పుడైనా నిటారుగా నిలబడుతుంది," అనేది వదిన.

ధరలు నెత్తికెక్కి కూర్చున్నాక ఆవిడ పోరాటం చూడాలి. పొద్దున్నే వెళ్ళడం మానేసి, బుట్టలు సర్దుకునే వేళకి వెళ్ళేది. అప్పుడైతే మిగిలిన సరుకు మోసుకుపోలేక బేరానికి దిగుతారు. నూనె ప్యాకెట్ ఖాళీ అయితే పారేయదు, మూల కత్తిరించి మూకుడు మీద తలకిందులుగా వేలాడదీసేది. అరిగిపోయిన సబ్బు ముక్కలన్నీ తడిపి ఒక ముద్ద చేసేది. ఒక కొట్లో పప్పు చవకైతే దానికోసం రెండు వీధులు నడిచి, చక్కెర కోసం మళ్ళీ వెనక్కి నడిచేది. ఇంత చేసినా సంచి తేలికైపోతూనే ఉంది. అన్నయ్య ఇచ్చే డబ్బు మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అన్నట్టు ఉంది. పెంచమని అడిగితే, "స్టోరు నడిపేవాడికి నువ్వు చెప్పాలా?" అనేవాడు.

ఆ ఆదివారం నేను గిన్నె తిరిగిచ్చేద్దామని పై అంతస్తు నుంచి వాళ్ళింటికి దిగాను. తలుపు దగ్గరే అన్నయ్య గొంతు వినపడింది.

"ఇంత డబ్బిస్తే ఇంతేనా సరుకులు? మిగతాది ఎటు పోతోంది?"

"ధరలు చూడండి ఒకసారి," అంది వదిన.

"ధరలు, ధరలు! ధరలు ఊరందరికీ పెరిగాయి, అందరూ తినడం లేదూ? మెడలో గొలుసేది? మీ అమ్మ పెట్టిన గొలుసు?"

వదిన చెంగు మెడ చుట్టూ లాక్కుంది.

"నాకు తెలీదనుకుంటున్నావేమో. మీ అన్న వ్యాపారంలో పెట్టావు. నా డబ్బూ అటే చేరవేస్తున్నావు. గంప కింద కోడిలా ఇక్కడ కూర్చుని పుట్టింటిని మేపుతున్నావు."

నా ఒళ్ళు మండిపోయింది. వాళ్ళన్న వంటింట్లో వీడి ఇల్లు మొత్తం పడుతుంది. వాళ్ళకి వీడి పప్పూ ఉప్పూ కావాలా? "నోటికి హద్దుండాలి అన్నయ్యా!" అని అరిచాను. "నువ్వు మధ్యలో రాకు," అని వాడు అరిచాడు. గొలుసు సంగతి నాకూ తెలీదు. చెప్పొచ్చుగా అన్నట్టు వదిన వైపు చూశాను. ఆవిడ ముఖం చూస్తే, అలా అడిగినవాడికి చచ్చినా చెప్పదని తెలిసిపోయింది.

వదిన మేకుకి తగిలించిన సంచి తీసింది. వాడి చేతిలో పెట్టింది.

"ఇకనుంచి మీరే తెండి. ఇంట్లో ఏది ఎలా ఉందో రోజూ చెప్తాను. అంతకు మించి ఒక్క మాట అడగను."

"ఓహో, అంతేగా! రెండు వారాల్లో చూపిస్తాను."

చూపించాడు లెండి. ఎగేసుకుంటూ బజారుకి వెళ్ళి, ఒకటి కొంటే ఒకటి ఉచితమని బట్టల సబ్బులు సంచి నిండా తెచ్చాడు. చవకని తెచ్చిన ఉల్లిపాయలు పైన నవ్వుతున్నాయి, లోపల కుళ్ళి కంపు కొడుతున్నాయి. బియ్యం, పప్పు కొద్దికొద్దిగా తెచ్చి, "చాలు, స్టాకు ఎక్కువైతే దుబారా," అన్నాడు. 

వారం తిరిగింది. పొద్దున్న నేను టీకి కిందికి దిగేసరికి వాడు గుమ్మంలో బూట్లు తొడుక్కుంటూ, డిపోలో కుర్రాళ్ళని అడిగినట్టు అడిగాడు.

"చక్కెర పరిస్థితేంటి?"

"నిండుకుంది," అంది వదిన.

"పప్పు?"

"నిండుకుంది."

"భేష్! చూశావా?" అని నా వైపు కళ్ళెగరేసి, ఈల వేసుకుంటూ మెట్లు దిగిపోయాడు.

నాకు మతి పోయింది. అన్నం పెట్టే ఇంట్లో లేదు అనే మాట అనకూడదని, సరుకు అయిపోతే నిండుకుంది అంటాం. మా అత్త అలాగే అనేది, పాలు పోసే ఆవిడ అలాగే అనేది. వీడు హాస్టల్ మనిషి, స్టోరు మనిషి. నిండుకుంది అంటే అరలు నిండాయనుకున్నాడు!

"వదినా, వాడికి అర్థం కాలేదు," అన్నాను.

"నీ అన్నయ్యకి అర్థం కానివి చాలా ఉన్నాయి. నువ్వు నోరు మూసుకుని టీ తాగు," అంది. ఆ టీలో చక్కెర లేదు.

నోరు మూసుకున్నాను. ఎందుకు మూసుకోనూ? దొంగ అన్నవాడికి ఆ మాత్రం శాస్తి జరగాలి. పస్తు పడకుండా వాళ్ళ పిల్లలిద్దర్నీ పైకి తీసుకెళ్ళి మా ఇంట్లో పెట్టాను. వాడు మధ్యాహ్నం డిపో క్యాంటీన్లో మెక్కుతాడు కాబట్టి రాత్రి చారు నీళ్ళలా పల్చబడుతున్నా పట్టలేదు. చప్పటి టీ తాగి, "కోపంతో చక్కెర వేయడం మానేసింది. మానేస్తే మనకే మిగులు," అని నాతోనే అన్నాడు. రోజూ అడగడం, ఆవిడ నిండుకుందనడం, వాడు ఛాతీ విరుచుకుని వెళ్ళడం. నూనె అయింది, ఉప్పు అయింది, చివరికి బియ్యం కూడా అయ్యాయి.

సరిగ్గా ఆ మర్నాడే, వాడికి సెలవు రోజున, మా మేనత్త దిగింది. పెద్దది, నోరు కూడా పెద్దదే. వాడికి భూమ్మీద భయమంటూ ఉంటే ఆవిడ దగ్గరే. కుర్చీలో కూర్చుని, "ఏరా, ధరలు మండిపోతున్నాయి, ఎలా నెట్టుకొస్తున్నారు?" అంది.

అన్నయ్య కాలు మీద కాలేసుకున్నాడు.

"ధరలదేముంది అత్తా, నడిపేవాడుండాలి. ఇన్నాళ్ళూ ఈవిడ చేతిలో ఉంటే చాలీచాలకుండా ఉండేది. నేను చేతిలోకి తీసుకున్నాక చూడు, పప్పు నిండుకుంది, నూనె నిండుకుంది. నిన్నటితో బియ్యం కూడా నిండుకున్నాయి!"

అత్త కుర్చీలోంచి లేచినంత పని చేసింది.

"ఛీ ఛీ, అదేం మాటరా! బియ్యం నిండుకున్నాయని ఇంత సంబరంగా చెప్తున్నావేంటి? మతి గాని పోయిందా? ఇప్పుడు నాకు అన్నం ఎలా పెడతావు?"

"అదే అత్తా, నిండుగా ఉన్నాయి..."

వదిన లోపలికి వెళ్ళి డబ్బాలు ఒక్కొక్కటే తెచ్చి అత్త ముందు పెట్టింది. మూతలు తీసింది. బియ్యం డబ్బా అడుగున కొలిచే గ్లాసు ఒక్కటే ఉంది. ఆఖరున సబ్బుల మూట తెచ్చి పెట్టింది. అత్తకి నవ్వొచ్చింది గానీ, వదిన ముఖం చూసి ఆపుకుంది.

అన్నయ్య ముఖం కందగడ్డ అయింది. "అంటే... మాటతో నన్ను మోసం చేశావన్నమాట! అయిపోయాయని చెప్పడానికి నోరు రాలేదా?"

"చెప్పాను. రోజూ చెప్పాను," అంది వదిన. మొదటిసారి ఆవిడ గొంతు లేచింది. "ఆ మాటకి అర్థం మీకెందుకు తెలీదో తెలుసా? ఇన్నేళ్ళ కాపురంలో మీ చెవిన ఒక్కసారి కూడా పడనివ్వలేదు నేను. డబ్బా అడుగు కనపడేలోపే సంచి పట్టుకుని పరిగెత్తాను. మీరు తిని లేచి వెళ్ళారు."

 స్టోరు బుద్ధి ఎక్కడికి పోతుంది, అన్నయ్యది మళ్ళీ అదే ప్రశ్న.

"మరి ఆ డబ్బుతో... నేనైతే వారం కూడా లాగలేకపోయాను. నువ్వు ఇన్నాళ్ళూ ఎలా తెచ్చావు?"

"మీరన్నట్టే," అంది వదిన. "పుట్టింటి నుంచి చేరవేశాను."

అని చెంగు కాస్త పక్కకి తీసింది. గొలుసు లేని మెడ. అన్ని ఏళ్ళు గొలుసు ఒరుసుకున్న చోట తెల్లటి గీత. మా అన్నయ్య తిన్న పప్పు, వాడు మిత్రుల్ని పిలిచి పెట్టిన విందు, ఆ గొలుసులోంచే వచ్చాయి. వాళ్ళమ్మ పెట్టిన గొలుసుని అమ్మి ఈ ఇంటి నోళ్ళలో వేసింది. దానికి వాడు పెట్టిన పేరు దొంగతనం. నాకు ఏడుపొచ్చింది. వాడి చెంప పగలగొట్టాలనీ అనిపించింది. పెద్దదాని ముందు బాగుండదని ఊరుకున్నాను.

వాడు తల వంచుకుని డబ్బాల వంక చూస్తూ నిలబడ్డాడు. 

చివరికి అత్తే అంది, "ముందు బియ్యం తీసుకురారా. సిగ్గుపడటానికి తిన్నాక బోలెడంత టైముంది."

వాడు సంచి తీసుకుని వెళ్ళాడు. ఆ సంచి ఇప్పటికీ వాడి చేతిలోనే ఉంది. "నువ్వే తీసుకో, డబ్బు పెంచుతాను," అని రెండుసార్లు మేకుకి తగిలించబోయాడు. "ముందు నన్నన్న మాట మీరు వెనక్కి తీసుకోండి, అప్పుడు సంచి తీసుకుంటాను," అంది వదిన. వాడు మళ్ళీ సంచి పట్టుకుని మెట్లు దిగాడు. ఇప్పుడు సాయంత్రాలు బజార్లో వాడు ముల్లు వంక గుడ్లు మిటకరిస్తూ నిలబడుతున్నాడని ఉల్లిపాయలవాడు చెప్పాడు. నిండుకుంది అన్న మాట వినపడితే చాలు, బూట్లు కూడా తొడుక్కోకుండా పరిగెడతాడు.

తప్పయిపోయింది అన్న మాట మాత్రం ఇంకా అనలేదు. మా అన్నయ్య దగ్గర అది ఎప్పుడో నిండుకుంది.